ఏరు రాకముందే మాట రావాలి

మన తెలుగునాట వరద అనగానే శ్రావణ భాద్రపదాలు గుర్తొస్తాయి, గోదావరి గట్లు గుర్తొస్తాయి. పెన్నా లెక్క వేరు. నైరుతి మేఘాలు ఆ నది మీద పెద్దగా కురవవు. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. అందుకే పెన్నా, దానిలో కలిసే చెయ్యేరు, పాపాఘ్ని, చిత్రావతి చలి మొదలయ్యే రోజుల్లో పొంగుతాయి. మిగతా కాలమంతా అవి ఇసుక. ఆ ఇసుకలో చెలమలు తవ్వుకుంటారు, గొర్రెలను అడ్డంగా తోలుకుపోతారు, అంచున పైరు పెట్టుకుంటారు. రాయలసీమలో నది నిండితే "ఏరు వచ్చింది" అంటారు, ఊరికి చాన్నాళ్లుగా రాని చుట్టం వచ్చినట్టు. ఆ మాటలోనే ఒక ప్రమాదం దాగుంది. ఏళ్ల తరబడి రానిదాని కోసం ఎవరూ వాకిట్లో కాచుకుని కూర్చోరు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు అలాగే వచ్చింది. అప్పటి కడప జిల్లాలో, రాజంపేట దగ్గర, ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట ముందు తెగింది. ఆ నీళ్లు, కొండల మీది వాన నీళ్లు కలిసి చెయ్యేటిపై కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. మట్టికట్ట కొట్టుకుపోయింది. అది కార్తీక పౌర్ణమి పూట. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు నీళ్లలో మునిగాయి. మందపల్లిలో ఏటి ఒడ్డున ఉన్న శివాలయానికి వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు రోడ్డు మీదే వరదలో చిక్కాయి. ప్రయాణికులు కిటికీల్లోంచి పైకప్పు మీదికి పాకారు. చుట్టూ ఎర్రనీళ్లు, పైన వాన, కింద కదిలిపోతున్న బస్సు. మొత్తం మీద ముప్పైమందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఆ రోజు గురించి కట్ట ఎందుకు తెగిందన్న చర్చ చాలా జరిగింది, జరగాలి కూడా. ఈ ప్రసంగంలో నేను పట్టుకోదలచింది మరొక సంగతి: మనుషుల్ని కాపాడే పని ఏ గంటలో మొదలవ్వాలి, ఎవరి చేతుల్లో మొదలవ్వాలి. దీనికి కాసిన్ని లెక్కలు కావాలి. అన్నమయ్య ప్రాజెక్టు నిండుగా ఉంటే పట్టే నీళ్లు 2 టీఎంసీల పైచిలుకు. ఆ రోజు 3 లక్షల 20 వేల క్యూసెక్కులు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. ఆ వేగంతో వచ్చే ప్రవాహం ఒక టీఎంసీని గంటలోపే మోసుకొస్తుంది. అంటే ఖాళీ జలాశయమైనా రెండు గంటల్లో నిండి పొర్లుతుంది. ఇక దిగువన, ఏరు సెకనుకు మూడు మీటర్ల వడితో పారిందనుకుంటే గంటకు పదికిలోమీటర్ల పైన పోతుంది. మనిషి పరుగెత్తినా చీకట్లో, బురదలో, చంకలో పిల్లతో ఆ వడిని అందుకోలేడు. ఇప్పుడు సాయం ఎక్కడినుంచి రావాలో చూడండి. మన రాష్ట్రంలో జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. అక్కణ్ణుంచి రాజంపేట దాదాపు 400 కిలోమీటర్లు. తమిళనాడులోని అరక్కోణంలో ఉన్న నాలుగో బెటాలియన్ దగ్గరే, అయినా 150 కిలోమీటర్ల పైమాటే. రోడ్లు బాగున్న పగటిపూట లెక్క ఇది. ఆ వారంలో నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. దళం ఎంత గొప్పదైనా, దాని పడవలు ఎంత మంచివైనా, ఏరు ఊళ్లోకి వచ్చిన మొదటి గంటలో అది అక్కడ ఉండదు. ఆ గంటలో ఉండేది పక్కింటివాళ్లే. కాబట్టి నా మాట ఇది: ఏరు ఎంత పొట్టిదైతే సాయం అంత దగ్గర ఉండాలి. ఆ దగ్గరి సాయం చేయాల్సిన మొదటి పని, నీటికంటే ముందు కబురు చేరవేయడం.

ఈ విషయంలో మనకు అనుభవం లేదనడానికి వీల్లేదు. సరిగ్గా అదే తేదీన, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేల ప్రాణాలు పోయాయి. తర్వాత రాష్ట్రం నలుమూలల నుంచి మనుషులు కదిలివెళ్లారు. శవాలకు దహనాలు చేశారు, గంజికేంద్రాలు నడిపారు, సినిమా తారలు జోలెపట్టి చందాలు సేకరించారు. ఆ సేవకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ సేవంతా నీళ్లు తీశాక జరిగింది. ఆ పాఠం మన కోస్తా మరిచిపోలేదు. తుపాను షెల్టర్లు కట్టుకున్నారు, ప్రమాద సూచికల నంబర్లు ముసలమ్మలకు కూడా వచ్చేశాయి. ఆకాశవాణి వార్త వినగానే పడవలు ఒడ్డుకు లాగేస్తారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చేముందు ఒడిశా, ఆంధ్ర తీరాల్లో దాదాపు 10 లక్షల మందిని తరలించారు. పోయిన ప్రాణాలు పదుల్లోనే ఉన్నాయి. సముద్రం సంగతిలో ఇంత నేర్చుకున్న జాతి, ఆ నేర్చుకున్నదాన్ని ఏటి ఒడ్డుకు ఎందుకు తెచ్చుకోలేదు? దీనికి ఒక జవాబు ఉంది, అది న్యాయమైనదే. తుపాను నాలుగు రోజుల ముందు కనబడుతుంది. ఉపగ్రహం చూస్తుంది, ఢిల్లీ చెబుతుంది, కలెక్టరు బస్సులు పంపుతాడు. నాలుగు రోజులుంటే ఎంత దూరాన్నుంచైనా పని జరుగుతుంది. చెయ్యేరు లాంటి ఏరు నాలుగు గంటలు కూడా ఇవ్వకపోవచ్చు. అందుకనే తుపానుకు పనికొచ్చిన పద్ధతి ఏటికి చాలదు. పైనుంచి కిందికి దిగే ఆదేశం, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి ఊరికి, ఊరి నుంచి గుడిసెకు చేరేలోపు నీళ్లే ముందు చేరతాయి. ఏటికి కబురు అడ్డంగా రావాలి, ఎగువ ఊరి నుంచి దిగువ ఊరికి.

అలా వచ్చిన కబురు ఏం చేయగలదో హిమాలయాల్లో జరిగిన ఒక సంఘటన చూపిస్తుంది. 2021 ఫిబ్రవరి 7, ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా. చలికాలం, నదులు సన్నబడి ఉండే రోజులు, వరద ఎవరి ఊహలోనూ లేదు. రోంతి శిఖరం పక్కనుంచి రాయీ మంచూ కలిసిన పెద్ద చరియ విరిగిపడింది. రిషిగంగ, ధౌలిగంగ లోయల్లో బురద, బండలు గోడలా లేచి వచ్చాయి. రైణి దగ్గర జలవిద్యుత్ కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది. తపోవన్ దగ్గర కడుతున్న ప్రాజెక్టు మీద అదే వరద పడింది. రెండు వందల మందికి పైగా చనిపోవడమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. ఆ ఉదయం కొండమీది ఊళ్లో ఉన్న ఒక తల్లి నది రంగు మారి పైకి లేవడం చూసింది. ఆమె కొడుకు కింద ఆ తపోవన్ ప్రాజెక్టు దగ్గరే పనిలో ఉన్నాడు. ఫోను చేసి పరుగెత్తమంది. అతను మొదట నమ్మలేదు. ఆమె ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ చేసింది. అతనూ, తోటి కూలీలూ మెట్లెక్కి పైకి వెళ్లారు. ఇరవైమందికి పైగా బతికారని వార్తలొచ్చాయి. అదే రోజు ఒక సొరంగంలో చిక్కిన పన్నెండు మందిని ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసులు బయటికి లాగారు. లోపల ఒకరి ఫోనుకు సిగ్నల్ అందడంతో బయటివాళ్లకు సంగతి తెలిసింది. ఆ దళం జవాన్లు బురదలో నడుములోతున దిగి చేసిన పని చిన్నదని నేననడం లేదు. కానీ రెండుచోట్లా ప్రాణం నిలబడడానికి మొదటి కారణం ఒకటే: చూసినవాళ్ల నుంచి చిక్కబోయేవాళ్లకో, చిక్కినవాళ్ల నుంచి కాపాడగలవాళ్లకో నేరుగా అందిన మాట. ఆ తల్లి ఏ దళంలోనూ సభ్యురాలు కాదు. ఆమె చేసింది మాత్రం దళాలు చేయలేని పని, ఎందుకంటే దళాలు అక్కడ లేవు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అనుభవం ఉన్న పోలీసు అధికారులు, అగ్నిమాపక సిబ్బంది తరచు చెప్పేదే: శిక్షణ లేని జనం ఉత్సాహంగా నీళ్లలోకి దిగితే, కాపాడాల్సినవాళ్ల సంఖ్య పెరుగుతుంది. ఈ మాటను కొట్టేయడానికి లేదు. అన్నమయ్య కట్ట తెగిన రోజునే అప్పటి అనంతపురం జిల్లాలో చిత్రావతి పొంగింది. కారులో పోతున్న నలుగురు నది మధ్య చిక్కుకున్నారు. వాళ్లను కాపాడదామని జేసీబీ మీద వెళ్లిన ఆరుగురూ చిక్కుకున్నారు. చివరికి వాయుసేన హెలికాప్టరు వచ్చి పదిమందినీ పైకి లాగింది. జేసీబీ ఎంత బరువుంటుందో మనకు తెలుసు. అయినా నిలవలేదు. నీటి బలం వడిని బట్టి ఎలా పెరుగుతుందో తెలియకపోతే ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది. వడి రెట్టింపైతే తోసే బలం నాలుగింతలవుతుంది. ఘనమీటరు నీళ్లు టన్ను బరువు. వడిగా పారే నీళ్లు చీలమండ దాటి జానెడు లోతున్నా పెద్దమనిషిని పడగొట్టగలవు. మోకాటికి అటూ ఇటూ లోతుంటే చాలు, చిన్న కార్లు తేలిపోతాయి. కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి కనబడదు. మరోవైపు 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కిన తొమ్మిది మందిని ఒక డ్రైవరు జేసీబీతోనే ఒడ్డుకు చేర్చాడు. రెండు ఘటనల్లోనూ యంత్రం ఒకటే, మంచిమనసూ ఒకటే. ఫలితం వేరు. ఖమ్మం మనిషి సాహసాన్ని దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. కానీ ఒక ఊరు తన రక్షణను ఆ ఫలితం మీద పందెం కాయకూడదు. శిక్షణ, సరంజామా ఉన్నవాళ్లకు కూడా ఏరు మినహాయింపు ఇవ్వదు. 2021 నవంబరు వరదల్లోనే నెల్లూరు జిల్లా దామరమడుగు దగ్గర సహాయక చర్యల్లో ఉన్న రాష్ట్ర విపత్తు స్పందన దళం కానిస్టేబుల్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. జనాన్ని కాపాడడం తన ఉద్యోగంగా పెట్టుకుని, అందులోనే పోయిన మనిషి. ఆయన మరణం తర్వాతైనా, ఏటిలోకి దిగడాన్ని ధైర్యానికి కొలతగా చూడడం మనం మానుకోవాలి.

అందుచేత ఆ అభ్యంతరం నా వాదనను కూలదోయదు, దానికి సరైన రూపం ఇస్తుంది. ఊరివాళ్లు చేయాల్సింది నీళ్లలోకి దిగే పని కాదని ఒప్పుకుంటే, దిగకుండా చేసే పనులు ఎన్ని ఉన్నాయో కనబడతాయి. రక్షణ శిక్షణలో అన్నిచోట్లా నేర్పే వరస ఒకటుంది. ముందు ఒడ్డునుంచే కర్రో, చీరో అందించాలి. అందకపోతే తాడు విసరాలి. అదీ కుదరకపోతే పడవ. ఈత కొడుతూ వెళ్లడం అన్నింటికన్నా చివర, అదీ నేర్చినవాడే. తాడు విసరడం చూడ్డానికి చిన్న పని. సగం తాడు ఒక చేతిలో, సగం మరో చేతిలో చుట్టలుగా పట్టుకుని, కొట్టుకొచ్చే మనిషికి అందేలా విసరాలి. విసిరినవాడు నిలువుగా నిలబడకూడదు, నేలమీద కూర్చుని మడమలు తన్నిపెట్టాలి, లేకపోతే అవతలి మనిషి బరువుకు తనే ఏట్లో పడతాడు. తాడును ముంజేతికి చుట్టుకోకూడదు. ఈ ముక్కలన్నీ ఒక మధ్యాహ్నంలో నేర్పవచ్చు, ఏడాదికోసారి చెరువులో సాధన చేయించవచ్చు. అది చేయని ఊళ్లో వరద నాడు ఇరవైమంది కుర్రాళ్లు ఒడ్డున నిలబడి అరవడం తప్ప ఏం చేస్తారు? లేదా అందులో ఒకడు దూకుతాడు.

చలి సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చలికి చనిపోవడం కశ్మీరులో జరిగేది అనుకుంటాం. నీళ్లు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. కార్తీకమాసపు తెల్లవారుజామున బస్సు మీదో చెట్టుకొమ్మ మీదో తడిబట్టలతో, గాలిలో, గంటల తరబడి పట్టుకుని ఉన్న మనిషికి ముందు వేళ్లు కొంకర్లు పోతాయి, తర్వాత పట్టు జారుతుంది. మునిగిపోయారని మనం రాసుకునే మరణాల్లో కొన్ని అలా చేతులు పట్టుతప్పినవి కావచ్చు. ఒడ్డుకు చేర్చాక కూడా పని అయిపోదు. వణుకు ఆగిపోతే కుదుటపడ్డారనుకుంటాం, కొన్నిసార్లు అది ఒంటికి వణకడానికి కూడా శక్తి లేకపోవడం. తడిబట్టలు తీసేసి, పొడిదుప్పటి చుట్టి, పడుకోబెట్టి, తెలివి ఉంటేనే వెచ్చటి తీపి పానీయం పట్టాలి. కాళ్లు చేతులు గట్టిగా రుద్దకూడదు. ఇవి డాక్టరు వచ్చేదాకా ఆగే పనులు కావు, డాక్టరు చేయాల్సినంత కష్టమైనవీ కావు. ప్రతి వరద తర్వాత లారీలకొద్దీ పాతబట్టలు వస్తాయి. ఆ రాత్రి బడి వరండాలో నలభై పొడిదుప్పట్లు ఉంటే వాటి విలువ ఆ లారీలన్నింటికన్నా ఎక్కువ.

ఇదంతా కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. చెరువులమీద బతికిన సీమలో ప్రతి చెరువుకూ ఒక కాపలాదారు ఉండేవాడు. నీరటి అన్నారు, నీరుగంటి అన్నారు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో, మరవ ఏ మట్టంలో పారుతుందో, కట్టలో ఎక్కడ ఎలుక బొక్క పడిందో అతనికి తెలుసు. వానరాత్రి కట్టమీద లాంతరు పట్టుకుని తిరిగేది అతనే. అతని బతుకుకు ఊరు పంటలో వాటా ఇచ్చేది. చెరువుల మరమ్మతుకు దశబంధం ఈనాములు ఉండేవి. అంటే అది దయతో చేసే సేవగా ఉండలేదు, ఊరు గుర్తించి కూలి ఇచ్చిన బాధ్యతగా ఉంది. పెద్ద ప్రాజెక్టులు వచ్చాక ఆ చోట లష్కర్లు వచ్చారు. గేటు దగ్గర రాత్రిపూట నీటి మట్టం కొలకర్ర చదివేది ఆ మనిషే, ఇంజినీరు కంటే ముందు. కానీ నీరుగంటికి దిగువ ఊరితో ఉన్న చుట్టరికం లష్కరుకు లేకుండా పోయింది. అతను పైకి, కార్యాలయానికి కబురు చెబుతాడు. కిందికి, ఊరికి చెప్పమని అతనికెవరూ చెప్పలేదు. నెదర్లాండ్స్‌లో నదుల గట్లు కాపాడే సంస్థలు ఇప్పటికీ గట్టుసేన అని ఒకదాన్ని నడుపుతాయి. మామూలు రైతులు, ఉద్యోగులు, రిటైరైనవాళ్లు అందులో చేరి శిక్షణ తీసుకుంటారు. నది లేచినప్పుడు ఒక్కొక్కరికి గట్టులో ఒక ముక్క అప్పజెబుతారు, నడుస్తూ నీటి ఊటల కోసం చూస్తారు. మన నీరుగంటి పనే అది. వాళ్లు దాన్ని వదులుకోలేదు.

ఆ దేశంలోనే 1995 జనవరి చివర చలికాలపు వరద వచ్చింది. రైన్, మ్యూజ్ నదులు గట్ల అంచుదాకా లేచాయి. గట్లు తడిసి మెత్తబడ్డాయి, నిలుస్తాయన్న నమ్మకం లేదు. రెండున్నర లక్షల మందిని, వాళ్ల పశువులతో సహా ఖాళీ చేయించారు. గట్లు తెగలేదు. కొద్దిరోజుల్లో అందరూ ఇళ్లకు తిరిగొచ్చారు. ఇక్కడే రెండో అభ్యంతరం ఎదురవుతుంది: రాని వరదకు ఇలా హడావుడి చేస్తే, "నాన్నా పులి" కథలా, వచ్చే వరదకు ఎవరూ కదలరు కదా? అధికారులు ఈ భయంతోనే చివరి నిమిషం దాకా మాట బయటపెట్టరు. నాకు ఈ భయం అర్థమవుతుంది కానీ, దాని లెక్క తప్పనిపిస్తుంది. పులి కథలో పిల్లవాడు ఆటకు అబద్ధం చెప్పాడు. గట్టు తెగవచ్చు అని చెప్పడం అబద్ధం కాదు, తెగకపోయినా అది నిజమే. డచ్చివాళ్లు ఆ తరలింపును అవమానంగా తీసుకోలేదు. నదికి ఇంకా చోటివ్వాలని, గట్లను వెనక్కి జరిపే పెద్ద పథకానికి దిగారు. జనం నమ్మకం పోగొట్టేది, రాని వరద గురించి చెప్పిన హెచ్చరిక కాదు, అర్థం కాని హెచ్చరిక. మన హెచ్చరికల భాష చూడండి. "రెండున్నర లక్షల క్యూసెక్కులు విడుదల చేస్తున్నాం, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి." ఈ వాక్యం విని ఏ ఇల్లాలు తన ఇల్లు లోతట్టో మెరకో తేల్చుకోగలదు? అప్రమత్తంగా ఉండడమంటే లేచి కూర్చోవడమా, మేకల్ని విప్పడమా, గుట్ట ఎక్కడమా? అదే కబురు ఇలా వస్తే: "తెల్లవారేలోపు నీళ్లు రామాలయం మెట్లదాకా వస్తాయి, కింది వీధివాళ్లు హైస్కూలు మేడమీదికి ఇప్పుడే పోండి." ఇలా తర్జుమా చేయగలిగింది ఊరి మనిషే. క్యూసెక్కులు కొలిచే ఇంజినీరుకు రామాలయం మెట్లు తెలియవు, మెట్లు తెలిసినవాళ్లకు క్యూసెక్కులు తెలియవు. ఇద్దరూ వానాకాలానికి ముందే ఒకసారి కూర్చుని, ఎంత నీరొదిలితే ఎక్కడిదాకా వస్తుందో గోడలమీద గుర్తు పెట్టుకోవాలి. ఖర్చు ఒక రంగుడబ్బా.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది. ఊరివాళ్ల సేవ గురించి ఇంతగా చెబితే, ప్రభుత్వం తన పని వాళ్లమీదికి తోసేయదా? ఈ అనుమానానికి ఆధారం ఉంది. అన్నమయ్య ప్రాజెక్టులో ఐదు గేట్లకు ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో చెప్పారు. స్పిల్‌వే తట్టుకోగలిగిన దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు వరద వచ్చిందనీ చెప్పారు. వరద అసాధారణమైనదే కావచ్చు, కానీ పనిచేయని గేటును ఏ వాలంటీరూ ఎత్తలేడు. 2015 డిసెంబరు 1న మద్రాసు దగ్గరి చెంబరంబాక్కం జలాశయం నుంచి 29 వేల క్యూసెక్కులు అడయారు నదిలోకి వదిలారు. ఆ రాత్రి నగరంలో కొన్నిచోట్ల నీళ్లు మేడల మొదటి అంతస్తు దాకా వచ్చాయి. మర్నాటినుంచి తీరంలోని కుప్పాల జాలరులు తమ పడవలను వీధుల్లోకి తెచ్చి వేలమందిని బయటికి చేర్చారు. మద్రాసులోని తెలుగువాళ్లలో ఆ పడవలెక్కినవారు ఎందరో. ఆ జాలరుల సేవను పత్రికలన్నీ కొనియాడాయి. తర్వాత కాగ్ ఆ వరదను మనిషి తెచ్చిపెట్టిన విపత్తు అని తన నివేదికలో తేల్చింది. జాలరుల పొగడ్తకు వచ్చిన చోటు ఆ నివేదికకు రాలేదు. ఇక్కడ జాగ్రత్త పడాలి. వాలంటీరును ఎంత పొగిడితే అంత బాగా గేటు సంగతి మరుగున పడుతుంది. నేను అడుగుతున్నది పొగడ్త కాదు. శిక్షణ, తాళ్లు, లైఫ్ జాకెట్లు, బీమా, ఇంకా వినతగిన హోదా. ఊరి దళానికి చట్టబద్ధమైన చోటు ఉంటే, గేటు ఎందుకు తుప్పుపట్టిందని ఎండాకాలంలోనే అడిగే నోరు దానికి వస్తుంది. గట్టుమీద రోజూ తిరిగేవాడు అడిగే ప్రశ్నను తప్పించుకోవడం, వరద తర్వాత వచ్చే విచారణ సంఘాన్ని తప్పించుకున్నంత సులువు కాదు.

ఆ చోటు కల్పించే ప్రయత్నం దేశంలో మొదలైంది కూడా. 2016లో ఆపద మిత్ర పేరుతో, వరదలు వచ్చే 30 జిల్లాల్లో ఆరువేల మందికి శిక్షణ ఇవ్వాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పథకం పెట్టింది. తర్వాత దాన్ని 350 జిల్లాలకు, లక్షమందికి విస్తరించింది. పన్నెండు రోజుల శిక్షణ, ఒక సంచిలో సరంజామా, బీమా. మంచి పథకం. నా ఇబ్బంది అంకెతో. జిల్లాకు మూడువందల మంది అంటే, మన జిల్లాల్లో ఊరికి ఒకరు కూడా రారు. ఏటి ఒడ్డున ఉన్న ఊరికి కనీసం పదిమంది కావాలి, అందులో సగం ఆడవాళ్లు కావాలి. పగటిపూట ఊళ్లో ఉండేది వాళ్లే. ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివాళ్లున్నారో, ఎవరు నిండు చూలాలో వాళ్లకే తెలుసు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోనుంది, ప్రభుత్వమే ఒక్క మీట నొక్కి లక్షల ఫోన్లను ఒకేసారి మోగించగలదు, ఇంకా ఈ మనుషులెందుకు అనేవారున్నారు. మోగించగలదు, మోగించాలి. అయితే గాలివానకు మొదట పోయేది కరెంటు, తర్వాత టవరు. ఫోను మోగినా చెవుడున్న తాతకు వినబడదు. ఏటి తిన్నెమీద మందతో పడుకున్న గొర్రెలకాపరి ఫోను ఛార్జింగు అయిపోయి ఉంటుంది. తెల్లవారుజామున దీపాలు పెట్టడానికి ఏటికి దిగినవాళ్లు ఫోన్లు ఇంట్లో వదిలి వస్తారు. మీట నొక్కినవాళ్లకు నూరుమందిలో తొంభైమందికి చేరిందన్న లెక్క కనబడుతుంది, మిగిలిన పదిమంది పేర్లు ఊరికే తెలుసు. వాళ్ల తలుపు తట్టడానికి ఇంకో మనిషి చెయ్యే కావాలి.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. ఆలోపు చెయ్యేరు, పాపాఘ్ని, చిత్రావతి, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ప్రతి పంచాయతీ ఆఫీసు గోడమీద ఒక కాగితం అతికించి ఉండాలి. అందులో సర్పంచి పేరు, తహసీల్దారు నంబరు ఎలాగూ ఉంటాయి. నడవలేనివాళ్ల ఇళ్లు వీధివారీగా ఉండాలి. వాళ్లను ఎత్తుకెళ్లాల్సినవాళ్ల పేర్లు ఎదురుగా ఉండాలి. తాళ్లు, దుప్పట్లు ఎవరింట్లో ఉన్నాయో, బడి తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసి ఉండాలి. వీటన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, ఎగువ ప్రాజెక్టు మీద రాత్రి కాపలా ఉండే లష్కరు ఫోను నంబరు ఉండాలి. ఆ లష్కరు జేబులో ఈ ఊరి నంబరు ఉండాలి.